నాటకం ఇంకా అయిపోలేదు, వచ్చి వినండి

పంతొమ్మిదో పేజీ దగ్గర మా మామ లేచి మోటర్ బంద్ చేయడానికి కిందికి పోయాడు. ట్యాంకు అప్పటికి సగం కూడా నిండలేదు, ఆ సంగతి ఆయనకూ తెలుసు. నేను రాసిన నాటకం మొత్తంలో బ్రహ్మాండమైన చోటు అని నేను మురిసిపోయింది సరిగ్గా ఆ పేజీలోనే మొదలవుతుంది. మిల్లు మూతపడిన రాత్రి రాజయ్య ఒక్కడే గేటు ముందు నిలబడి నాలుగు పేజీలు మాట్లాడతాడు. అది రాసేటప్పుడు నాకే రెండుసార్లు కళ్లల్లో నీళ్లొచ్చాయి, అదీ షాపులో, ఒకాయన ఆధార్ జిరాక్స్ కోసం నిలబడి ఉండగా. మామ మళ్లీ పైకి వచ్చేసరికి రాజయ్య మాట్లాడటం అయిపోయింది. కావాలనే అంతసేపు కింద ఉన్నాడని నా అనుమానం, ఇప్పటికీ అడగలేదు.

ఇది మొదటి డ్రాఫ్టు సంగతి. మా ఇంటి డాబా మీద చాపలు పరుచుకుని తొమ్మిది మందిమి కూర్చుని చదివాం. నాటకం పేరు 'మూడో షిఫ్టు'. వరంగల్‌లో ఒకప్పటి ఆజంజాహి బట్టల మిల్లులో పనిచేసి, మిల్లు పోయాక కూడా రాత్రి కాగానే టిఫిన్ డబ్బా కట్టించుకుని బయల్దేరే ఒక మనిషి కథ. ఇప్పటికి అయిదు డ్రాఫ్టులయ్యాయి. ఇంకా అయిపోలేదు.

నన్ను తెలియని వాళ్ల కోసం: హనుమకొండలో నయీంనగర్ వైపు నాకో చిన్న జిరాక్స్ షాపు ఉంది. పీజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు, హాల్‌టికెట్లు, స్పైరల్ బైండింగులు, ఇదీ మన వ్యాపారం. పదిహేనేళ్లుగా నాటకాల్లో ఉన్నాను. మొదట్లో వేషాలు వేశాను, తర్వాత తెర వెనక ప్రాంప్టింగ్ చేశాను, కొన్నాళ్లు లైట్లు చూశాను, ఏ పనీ పెద్దగా రాదని తేలాక రాయడం మొదలుపెట్టాను. ఈ మధ్య యూనివర్సిటీ పిల్లలు ముగ్గురు షాపుకు వచ్చి, అన్నా ఒక నాటకం రాసినం, ఎక్కడ వేయాలె అని అడిగారు. ఎవరికన్నా చదివి వినిపించారా అన్నాను. ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వాళ్లను ఏమీ అనలేను, ఎందుకంటే మొదటి ఏడు నాటికలు నేను కూడా ఎవరికీ వినిపించలేదు. ఈ పోస్టు ఆ ముగ్గురికి చెప్పిన దాంట్లో కొంత, చెప్పడం మర్చిపోయింది కొంత.

మన దగ్గర కొత్త నాటిక బయటికొచ్చే దారి మీకు తెలిసిందే. రచయిత ఒక్కడే రాత్రిళ్లు కూర్చుని రాస్తాడు, తెలిసిన దర్శకుడికి ఇస్తాడు, ఆయనకు నచ్చితే ఇరవై రోజులో నెలో రిహార్సల్స్, అక్కడి నుంచి నేరుగా నాటక పరిషత్తు పెట్టే పోటీకి. అంటే నాటకం పుట్టాక చూసే మొట్టమొదటి మనుషులు న్యాయనిర్ణేతలన్నమాట! పెళ్లిచూపుల్లోనే తాళి కట్టినట్టు ఉంటుంది. పరిషత్తులను తిట్టే ఉద్దేశం నాకు లేదు, అవి లేకపోతే కొత్త స్క్రిప్టు అడిగేవాడే ఉండడు, నాలాంటి వాడు పెన్ను పట్టేవాడే కాదు. కానీ ఆ పద్ధతి మనకు తెలియకుండానే మన చేతిని పట్టుకుని రాయిస్తుంది. గంటలోపు అయిపోవాలి కాబట్టి కథ గంటకు కుదించుకుంటాం. ముందొక నాటిక, వెనకొక నాటిక ఉంటాయి కాబట్టి ఒకే సెట్టు, అదీ ఎప్పుడూ ఒక హాలు, ఒక సోఫా, గోడ మీద దండ వేసిన ఫోటో. ఆఖరి పది నిమిషాల్లో ఎవరో ఒకరు ఏడవాలి, ఇంకెవరో సమాజానికి ఒక మాట చెప్పాలి. నేనూ అట్లాంటివే రాశాను. ఒక దానికి బహుమతి కూడా వచ్చింది, ఆ షీల్డు షాపులో ఏ4 కట్టల మీద ఉంది, గాలికి కాగితాలు ఎగరకుండా.

ఆడవేషాల సంగతి ఇంకో కథ. ఊళ్లో దొరకరు, దొరికినా రాత్రి రిహార్సల్‌కు ఇంట్లో పంపరు. అందుకని డబ్బులిచ్చి బయటి ఊరి నుంచి ఆర్టిస్టును పిలిపించుకుంటాం. పాపం ఆమె ఆ సీజన్లో నాలుగైదు నాటక సమాజాలకు ఆడుతుంటుంది, తన పోర్షన్ ఫోన్లో విని, బస్సులో బట్టీ పట్టి, ప్రదర్శన రోజు పొద్దున దిగి, ఒక్క రిహార్సల్‌తో స్టేజీ ఎక్కుతుంది. నిజంగా గొప్ప పనితనం అది. కానీ రచయిత బుర్రలో ఏం జరుగుతుందంటే, ఖర్చు చూసుకుని ఒక్క ఆడపాత్రే పెడతాడు, ఆ ఒక్క పాత్రకు కూడా వేరేవాళ్లతో చిక్కుపడే సీన్లు తగ్గించి, కాఫీ తెచ్చే సీను ఒకటి, ఏడ్చే సీను ఒకటి ఉంచుతాడు. మన నాటికల్లో భార్యలందరూ ఒక్కలాగే ఎందుకుంటారని ఎవరైనా అడిగితే నేనైతే బస్సు టైమింగ్స్ చూపిస్తాను.

సరే, డాబా మీదికి వద్దాం.

రీడింగుకు మేం పెట్టుకున్న నియమాలు తక్కువే. రాసినవాడు చదవకూడదు. మధ్యలో నోరెత్తకూడదు, అంటే 'అక్కడ ఆయన నవ్వుతూ అంటాడన్నమాట' అని వివరించకూడదు. రంగ సూచనలు చదవడానికి విడిగా ఒకరు. చదివేవాళ్లు నటించనక్కర్లేదు, మాట అర్థమయ్యేట్టు చదివితే చాలు. వినడానికి నాటకాల వాళ్లు కానివాళ్లు కనీసం ముగ్గురు ఉండాలి, మామ ఆ లెక్కలోనే వచ్చాడు. మిర్చి బజ్జీలు విరామంలోనే, ముందు పెడితే కాగితాలకు నూనె అంటుతుంది, పైగా బజ్జీ తింటున్నవాడికి ఏ నాటకమైనా బాగానే ఉంటుంది.

రాసినవాడి పనల్లా వాళ్ల మొహాలు చూడటం. పక్కన పెన్సిలుతో గీతలు పెట్టుకుంటాను. ఎవరో కాళ్లు మార్చుకున్నారు, గీత. ఫోన్ తీశారు, గీత. నేను నవ్వుతారనుకున్న చోట నవ్వలేదు, ఏమీ లేని చోట నవ్వారు, దానికి సున్నా. చదివే మనిషి ఒకే వాక్యం దగ్గర రెండుసార్లు తడబడితే తప్పు నోటిది కాదు, నాది. మొదటి రీడింగు తర్వాత నా కాపీలో పదకొండు నుంచి ఇరవై మూడో పేజీ దాకా గీతలే. ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు, ఒకటే టెన్షన్, ఇన్నేళ్లకు ఇదా నాకొచ్చింది అని.

చదవడం అయ్యాక మామను అడిగాను, ఎట్లుంది మామా అని. "మంచిగుంది" అన్నాడు. నాటకం రాసేవాడికి ఇంతకంటే పనికిరాని మాట ఇంకోటి లేదు. పొద్దున చాయ్ తాగుతూ మాత్రం ఆయనే మొదలుపెట్టాడు.

"అల్లుడా, ఆ రాజయ్య గేటుకాడ గంతసేపు ఎవరితోని మాట్లాడిండు?"

"తనలో తనే అనుకుంటడు మామా."

"మిల్లు బందైన నాడు మేము గేటుకాడ ఏడ్సుకుంట నిలవడలే. మా లెక్కలు ఎప్పుడు తేలుస్తరని ఉరికినం. ఏడ్సుడు తర్వాత సంగతి." చాయ్ గ్లాసు కింద పెట్టి, "ఇంకోటి. వీవింగ్ల పనిచేసినోడు గంత మెల్లగ మాట్లాడడు" అన్నాడు.

ఈ రెండో మాట నాకు మొదట అర్థం కాలేదు. మగ్గాలు నడిచే షెడ్డులో పక్కన నిలబడ్డ మనిషి మాట కూడా వినపడదట. ఎనిమిది గంటలు చేతులతో సైగలే, పెదవులు చూసి మాట పోల్చుకోవడమే. చాయ్‌కి ఒక సైగ, సూపర్‌వైజర్ వస్తున్నాడంటే ఒక సైగ, అప్పు కావాలంటే ఒకటి, ఇయ్యను పో అంటే ఇంకోటి. ఏళ్ల తరబడి ఆ మోతలో ఉండి ఉండి చెవులు మందగించి, ఇంటికొచ్చినా గట్టిగా అరిచినట్టే మాట్లాడేవాళ్లు. వంటింట్లోంచి మా ఆవిడ అంది, చిన్నప్పుడు నాన్న ఎప్పుడూ తిడుతున్నడనే అనుకునేదాన్ని అని. పన్నెండేళ్ల నుంచి ఆయన అల్లుణ్ని, ఈ సంగతి నాకు తెలియదు. నేను మాత్రం అప్పటికి మిల్లు మీద దొరికినవన్నీ చదివేసి, 1934లో ఏడో నిజాం కాలంలో పెట్టారు, ఆయన పెద్ద కొడుకు ఆజంజా పేరు పెట్టారు, 2002లో మూతపడింది అని తేదీలన్నీ మొదటి సీన్లోనే దించేశాను. నిజాం వేషానికి షేర్వాణి ఎక్కడ కిరాయికి దొరుకుతుందో కూడా కనుక్కున్నాను, చెప్పుకుంటే సిగ్గు.

రెండో డ్రాఫ్టులో నిజాం లేడు. గేటు ముందు స్వగతం లేదు. నాటకం మొదలే మగ్గాల మోతతో. నలుగురు నటులు బెంచీల మీద చెక్కలతో టకటకా కొడుతుంటారు, ఆ మోతలో ఇద్దరు కార్మికులు ఇరవై రూపాయల అప్పు గురించి చేతులతోనే కొట్లాడుకుంటారు. ఒక్క మాట ఉండదు, నాలుగు నిమిషాలు. నాలుగు పేజీల స్వగతం ఇచ్చి నాలుగు నిమిషాల సైగలు తెచ్చుకున్నాను, బేరం నాకే లాభం. మిల్లు మూతపడే సీన్లో చేయాల్సిందల్లా ఆ చెక్కల చప్పుడు ఆపేయడమే. రాజయ్య నిశ్శబ్దంలో కూడా అరిచినట్టు మాట్లాడుతూనే ఉంటాడు, ఇల్లు చిన్నది, గోడ అవతల వాళ్లకు అన్నీ వినపడతాయి.

అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలో వాటర్‌ఫర్డ్ అని ఒక ఊరుంది. అక్కడ 1964లో నాటక రచయిత యూజీన్ ఓనీల్ పేరు మీద ఒక రంగస్థల కేంద్రం పెట్టారు, మరుసటేడు నుంచి వేసవుల్లో నాటక రచయితల సదస్సు జరుపుతున్నారు. సదస్సు అంటే శాలువాలు, ఉపన్యాసాలు అనుకోకండి. రచయిత తన పూర్తికాని నాటకం పట్టుకుని వస్తాడు, అతనికి ఒక దర్శకుణ్ని, నటులను ఇస్తారు, కొద్ది రోజులు రిహార్సల్ చేసి, చేతిలో కాగితాలు పట్టుకునే జనం ముందు ఆడతారు. సెట్టు దాదాపు ఉండదు. రచయిత రాత్రికి రాత్రి మార్చుకోవచ్చు. ఆగస్ట్ విల్సన్ అనే ఆఫ్రికన్ అమెరికన్ రచయిత అక్కడికి నాటకాలు పంపితే ఒకటి తర్వాత ఒకటి తిరిగొచ్చాయట, 1982లో ఒకటి తీసుకున్నారు. అక్కడ పరిచయమైన దర్శకుడు లాయిడ్ రిచర్డ్స్ ఆ నాటకాన్ని 1984లో న్యూయార్క్‌లో పేరున్న నాటకశాలలుండే బ్రాడ్వే దాకా తీసుకుపోయాడు. తర్వాత చాలా ఏళ్లు ఇద్దరూ కలిసే పనిచేశారు. ఇది చదివినప్పుడు నాకు అసూయ కలిగింది బ్రాడ్వే గురించి కాదు. పూర్తికాని నాటకం పట్టుకుని పోవడానికి ఒక చోటు ఉండటం, అక్కడ అది పూర్తి కాలేదని ఎవరూ మార్కులు తీసేయకపోవడం!

అలాగని ఇదంతా తెల్లవాళ్లు కనిపెట్టిందీ కాదు. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరకు పోయినవాళ్లకు తెలుసు, ఒగ్గు కథ ఎప్పుడూ పూర్తికాదు. కథ అదే, మల్లన్న కథే, కానీ చెప్పే ఒగ్గు పూజారి ముందు కూర్చున్న జనాన్ని చూసి సాగదీస్తాడు, కుదిస్తాడు, ముసలమ్మలు ఎక్కువుంటే ఒక తీరు, పిల్లగాళ్లు ఎక్కువుంటే ఒక తీరు, మధ్యలో ఆ ఊరి సర్పంచి మీద ఒక విసురు వేసి మళ్లీ మల్లన్న భార్య మేడలమ్మ దగ్గరికి వచ్చేస్తాడు. డోలు వాయించే మనిషి 'అట్లనా' అని అడిగే ప్రశ్నే కథను ఇంకో మలుపు తిప్పుతుంది. జనగామ దగ్గర మాణిక్యాపురం చుక్క సత్తయ్య గారి లాంటి వాళ్లు ఆడ, మగ, దేవుడు, దొర అన్నీ తామే అయి తెల్లవార్లూ కూర్చోబెట్టారంటే, జనం ఎక్కడ కదులుతున్నారో ఎక్కడ బిగుసుకున్నారో అప్పటికప్పుడు చూసుకుంటూ చెప్పడం కూడా అందులో సగం. నేను పెన్సిలుతో పెట్టుకునే గీతలను వాళ్లు కళ్లతోనే పెట్టుకునేవాళ్లు. జనగామ జిల్లాకే చెందిన గడ్డం సమ్మయ్య గారికి చిందు యక్షగానానికి 2024లో పద్మశ్రీ వచ్చినప్పుడు మేమందరం వాట్సాప్ స్టేటస్‌లు పెట్టుకున్నాం, మంచిదే, కానీ ఆ కళల దగ్గర డప్పు, గజ్జెలు అరువు తెచ్చుకున్నంత సులువుగా ఈ అలవాటును తెచ్చుకోలేకపోయాం. ఆధునిక నాటకం అనగానే బట్టీ పట్టిన డైలాగు, ఒక్క అక్షరం మార్చొద్దు అనే రచయిత (నేనే, కొన్నేళ్ల కింద).

విన్న తర్వాత మాట్లాడటం దగ్గర మాకు మొదట్లో పెద్ద గొడవయ్యేది. ప్రతివాడూ తన నాటకం చెప్పడం మొదలుపెడతాడు. 'నేనైతే ఆఖర్న రాజయ్యను చంపేద్దును', 'కొడుకు పాత్ర పెట్టి అమెరికా పంపు'. రచయిత సమర్థించుకుంటాడు, ఇద్దరు అలుగుతారు, బజ్జీలు మిగిలిపోతాయి. లిజ్ లెర్మన్ అని ఒక అమెరికన్ నృత్య దర్శకురాలు 1990లో దీనికొక పద్ధతి కట్టింది, అందులోంచి మాకు పనికొచ్చేది తీసుకున్నాం. ముందు ప్రతి ఒక్కరూ తమకు గుర్తుండిపోయింది ఏమిటో చెప్పాలి, పొగడ్త కాదు, ఏది మిగిలిందో అది. తర్వాత రాసినవాడే తనకు అనుమానమున్న చోట్ల గురించి అడుగుతాడు. ఆ తర్వాత విన్నవాళ్లు అడుగుతారు, అయితే ప్రశ్నలో తీర్పు దాచకూడదు, 'ఈ సీను ఇంత సాగిందేంది' అనేది ప్రశ్న కాదు, 'ఈ సీన్లో ఆయనకు ఏం కావాలి' అనేది ప్రశ్న. సలహా చెప్పాలనుంటే చివర్లో, 'దీని మీద నాదో అభిప్రాయం, చెప్పమంటారా' అని అడిగి చెప్పాలి, రచయిత వద్దంటే వద్దే. మొదటిసారి ఈ పద్ధతి వాడినప్పుడు అందరికీ కోర్టులో ఉన్నట్టనిపించింది, రెండోసారికి అలవాటైంది. మా బృందంలో రిటైరైన అకౌంట్స్ ఆఫీసర్ ఒకాయన ఉన్నాడు, నాటకాల మీద ప్రత్యేకంగా ప్రేమేమీ లేదు, ఇంట్లో పొద్దుపోక వస్తాడు. ఓచర్లు చెక్ చేసినట్టు ఒకటే అడుగుతాడు: ఈ మనిషి ఈ సీన్లోకి ఎందుకు వచ్చాడు, ఏం పట్టుకుపోయాడు? పడమటి దేశాల్లో ఈ పనికి డ్రామటర్గ్ అని ఒక ఉద్యోగమే ఉంది, 1767లో హాంబర్గ్‌లో జర్మన్ రచయిత లెస్సింగ్‌తో మొదలైందంటారు. మా దగ్గర ఆ ఉద్యోగానికి జీతం రెండు బజ్జీలు.

మూడో డ్రాఫ్టును తిరగేసింది మాత్రం ఒక్క ప్రశ్న. రాజయ్య భార్య పాత్ర చదివే అమ్మాయి బట్టల షాపులో పనిచేస్తుంది, ఆదివారం సాయంత్రాలు వీలు చేసుకుని వస్తుంది. అభిప్రాయాల దగ్గర ఏమీ అనకుండా కూర్చుని, చెప్పులేసుకునేటప్పుడు మెల్లగా అడిగింది. "అన్నా, ఈమెకు పేరు లేదా?"

స్క్రిప్టు తీసి చూస్తే నిజమే, పాత్రల పట్టికలో 'రాజయ్య భార్య' అని ఉంది. ఆ రాత్రి కూర్చుని లెక్కపెట్టాను. ఆమెకు ఇరవై ఆరు డైలాగులు, అందులో పద్దెనిమిది ప్రశ్నలు, ఆ పద్దెనిమిదిలో ఏడు 'తిన్నవా' లాంటివే. మరి మిల్లు పోయాక ఆ ఇల్లు ఎట్లా గడిచింది? నాటకంలో ఎక్కడా లేదు, నేను ఆలోచించనే లేదు. మా అత్తను అడిగితే నా మొహం చూసి నవ్వింది. బీడీలు చేసింది ఆమె. నిజామాబాద్, కరీంనగర్, ఇటు మన దిక్కు, ఎన్ని ఇళ్లల్లో పొయ్యి తునికాకు మీద మండిందో నాకు తెలియనిదేం కాదు, మా అమ్మ కూడా చేసింది. అయినా నాటకం రాసేటప్పుడు మాత్రం నా కళ్లు మగవాడి టిఫిన్ డబ్బా మీదే ఉన్నాయి.

ఇప్పుడామె పేరు లచ్చవ్వ. నాటకం మొత్తం ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూనే ఉంటుంది, ఆమె మాటలన్నీ చేతుల వేగానికి కట్టుబడి ఉంటాయి. ఆకు కత్తిరించేటప్పుడు పొడుగు వాక్యం, తంబాకు పోసి చుట్టేటప్పుడు చిన్నది, దారం బిగించేటప్పుడు మాట ఆగుతుంది. ఇది నేను బల్ల ముందు కూర్చుని కనిపెట్టింది కాదు, ఆ అమ్మాయి మా అత్త దగ్గర వారం రోజులు నేర్చుకుని, రిహార్సల్లో చుడుతూ చదివితే నా పొడుగు డైలాగులు సగానికి విరిగిపోయాయి, ఆమె ఎక్కడ విరిస్తే అక్కడే విరిచి రాసుకున్నాను. రాజయ్య షిఫ్టు లెక్క చెప్తుంటాడు, లచ్చవ్వ వెయ్యి బీడీలు లెక్కపెడుతుంటుంది. ఇద్దరికీ లెక్కలే, ఒకరిది ఉత్తుత్తిది. ఈ సీను గురించి గొప్పగా చెప్పుకోవాలని నాకూ ఉంది, కానీ అందులో నా వాటా ఎంతో పైన చెప్పేశాను.

మాండలికం గురించి రెండు ముక్కలు. నా పాతదొక నాటిక తీసుకుని దూరం జిల్లాలో ఒక పోటీకి పోయాం. భాష అర్థం కాలేదని ఒక న్యాయనిర్ణేత, భాష బాగుంది కానీ కామెడీకి వాడుకోవాల్సిందని ఇంకొకాయన. ఆ కోపంలో తర్వాతి నాటకంలో అన్ని పాత్రలకూ ఒకే తెలంగాణ రుద్దేశాను. డాబా మీద విన్నాక తెలిసింది, అది కూడా ఎవరూ మాట్లాడని భాషే. కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో పెరిగినవాడు ఒక రకం, పరకాల దిక్కు నుంచి వచ్చినవాడు ఒక రకం, మిల్లు ఆఫీసులో పెద్ద గుమాస్తా ఉర్దూ కలిపి ఒక రకం. మామకు 'అచ్చిండు' వస్తుంది, ఆయన మనవడికి 'వచ్చిండు', కాలేజీలో మేడమ్ ముందు అదే మనవడు 'వచ్చారు'. ఇది కాగితం మీద కంటికి కనిపించదు, చెవికే దొరుకుతుంది. అందుకే చదివేవాళ్లను వీలైనంత వేర్వేరు ఊళ్ల నుంచి పిలుస్తాను. ఎవరి నోరు ఎక్కడ ఒప్పుకోకపోతే అక్కడ మార్చుకోమంటాను, తర్వాత కూర్చుని చూసుకుంటాను.

నాలుగో డ్రాఫ్టు నుంచి కూర్చుని చదవడం ఆపి లేచి నిలబడ్డాం. చేతుల్లో కాగితాలు ఉంటాయి కానీ మనుషులు కదులుతారు. అప్పుడు తెలిసే తప్పులు వేరు. లచ్చవ్వ ఒళ్లో చాట ఉంది, మరి తలుపెవరు తీస్తారు? రాజయ్య డబ్బా పట్టుకుని బయటికి పోయాక మళ్లీ మూడు డైలాగుల్లోనే లోపలికి రావాలి, అంటే వాకిట్లోనే నిలబడ్డాడా? ఆ ప్రశ్నలోంచే కొత్త సీను పుట్టింది, అవును, వాకిట్లోనే నిలబడతాడు, తెల్లవార్లూ, ఎక్కడికీ పోడు, లచ్చవ్వకు ఆ సంగతి తెలుసు. ఇది ఒకటో డ్రాఫ్టు నుంచీ నాటకంలోనే ఉంది, నాకే తెలియదు.

డ్రాఫ్టుకో రంగు అట్ట వేస్తాను, షాపు ఉన్నందుకు ఆ మాత్రం సౌకర్యం. తెలుపు, పసుపు, నీలం, పచ్చ, ఇప్పుడు గులాబీ. ఒకసారి ఇద్దరు నీలం పట్టుకుని, మిగతావాళ్లు పచ్చ పట్టుకుని చదివారు, చచ్చిపోయిన పాత్ర అవతలివాళ్ల కాపీలో చాయ్ అడుగుతోంది. అప్పటి నుంచి పాత కాపీలు లెక్క ప్రకారం వాపస్ తీసుకుంటున్నాను. యాభై నాలుగు పేజీలు, రెండు వైపులా వేస్తే ఇరవై ఏడు కాగితాలు, తొమ్మిది కాపీలు. మా ఆవిడ నెలాఖరున టోనర్ లెక్క చూసి ఏమీ అనదు, కాల్‌క్యులేటర్ నా వైపు తిప్పి పెడుతుంది, అంతే.

ఎక్కడ ఆడతారని అడుగుతున్నారు. హనుమకొండలో కాళోజీ కళాక్షేత్రం వచ్చింది, పబ్లిక్ గార్డెన్‌లో నేరెళ్ళ వేణుమాధవ్ గారి పేరు మీద కళాప్రాంగణం ఉంది. కళాక్షేత్రానికి 2014లో పునాది వేస్తే 2024 నవంబర్‌లో తెరిచారు, కాబట్టి నా నాటకం ఆలస్యమవుతోందని నన్నెవరూ అనొద్దు. అవి పూర్తయిన నాటకాలకు బాగుంటాయి. పెరుగుతున్న నాటకానికి నలభై కుర్చీల గది కావాలి, ఎదుటివాళ్ల మొహం కనపడేంత వెలుగులో. బెంగాలీ నాటకకర్త బాదల్ సర్కార్ 1970లలో కలకత్తాలో స్టేజీ దిగి, సెట్టూ లైట్లూ వదిలేసి, జనం మధ్యలో గదుల్లో, మైదానాల్లో ఆడించాడు, దానికి ఆయన చెప్పిన సిద్ధాంతం చాలా ఉంది, మాకు మాత్రం సగం కారణం కిరాయి. తెలిసిన స్కూల్లో ఒక తరగతి గది ఆదివారాలు ఇస్తున్నారు. బెంచీలు కూడా అక్కడివే, మగ్గాల మోతకు అవే వాడుతున్నాం, విరిగితే మేమే కట్టివ్వాలి.

మొన్న అయిదో డ్రాఫ్టు అక్కడే నడిచింది. ముప్పై మందికి పైగా వచ్చారు, అందులో మామ పిలుచుకొచ్చిన మిల్లు దోస్తులు నలుగురు. సైగల సీను మొదలై నిమిషం కాకుండానే వాళ్లలో ఒక పెద్దాయన లేచి నిలబడ్డాడు. నాకు గుండె జారింది, మళ్లీ మోటరేనా అని. ఆయన ముందుకొచ్చి, మోతలోనే, మా నటుడి చెయ్యి పట్టుకుని వేళ్లు సరిచేశాడు. అప్పు అడిగే సైగ అట్లా కాదట. నటుడు మళ్లీ చేశాడు. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. మళ్లీ చేశాడు. మామ వెనక నుంచి సైగతోనే ఏదో అన్నాడు, నలుగురు ముసలాళ్లూ పడీ పడీ నవ్వారు, ఏమన్నాడో మాకెవరికీ అర్థం కాలేదు, అడిగితే ఆడపిల్లలున్నరు, వద్దులే అన్నాడు. చెక్కలు కొడుతున్న పిల్లలు ఆపాలో వద్దో తెలియక కొడుతూనే ఉన్నారు. ఆ రెండు నిమిషాలు నాటకంలో ఎట్లా పెట్టాలో ఇంకా తోచడం లేదు, పెట్టకుండా ఉండటం కూడా నాకు చేతకావడం లేదు.

చివరి సీను ఇప్పటికీ నిలబడటం లేదు. రాజయ్య డబ్బా విప్పుతాడు, లోపల ఏముండాలి? ఖాళీగా ఉంటే మరీ నాటకంలా ఉంది, అన్నం ఉంటే ఏమీ లేనట్టుంది. అకౌంట్స్ ఆయన ఓ మాట అన్నాడు, విప్పాలని రూలేముంది అని. అదీ రాసి చూస్తున్నాను.

ఆరో డ్రాఫ్టు వచ్చే నెలలో, ఆదివారం సాయంత్రం, ఈసారి స్కూల్లో పరీక్షలు కాబట్టి మళ్లీ మా డాబా మీదే. నాటకాలతో సంబంధం లేనివాళ్లు వస్తే ఇంకా మంచిది. ట్యాంకు మధ్యాహ్నమే నింపేసి పెడతాను.